పంచె కట్టినవాళ్ళకు పైఅంతస్తు లేదట

మా మామయ్యకు కిందటి నెల రెండో కంటికి కూడా శుక్లం తీశారు. మామయ్యంటే మా ఆయనకు మేనమామ, రామచంద్రప్పగారు. బళేపేటలో గాజుల అంగడి నడుపుతారు. వాళ్ళ తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగుళూరులో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడతారు. నాలుగైదేళ్ళుగా ఆయనకు రంగులు సరిగా తెలిసేవి కావు. పెళ్ళివాళ్ళు ఆకుపచ్చ గాజులు అడిగితే నీలం డబ్బా తీసిచ్చి తిట్లు తిన్నారు కూడా. కంటికి కట్టిన పట్టీ విప్పిన రోజు నేనూ ఆసుపత్రిలోనే ఉన్నాను. కిటికీ బయట పూసిన తురాయి చెట్టును చూసి, "ఇంత ఎర్రగా ఉండాదా ఇది! నేను దుమ్ము పట్టిన ఇటుక రంగనుకుంటాంటినే" అన్నారు. అలా చూస్తూ చాలాసేపు నిలబడి, నా వైపు తిరిగి, "అమ్మణ్ణీ, ఈ కండ్లతో ఒక్క తూరి ఊరంతా పైనుంచి చూడల్ల" అన్నారు. అడక్క అడక్క అడిగారు. ఈ ప్రయాణం అలా మొదలైంది.

అప్పటికే పేపర్లలో ఒక ప్రకటన వస్తోంది. ఎం.జి. రోడ్డు దగ్గర కొత్తగా కట్టిన ఒక ఎత్తైన భవనం పైకప్పు మీద నగరం మొత్తం చూడ్డానికి అద్దాల డెక్ తెరిచారని. 'మీ నగరం, మీ పాదాల కింద' అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ 'మీ' ఎవరో అప్పుడు నాకు తెలియదు. ఆ భవనం పేరు ఇక్కడ రాయను. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఎలాగూ కనిపిస్తుంది, ఆ చుట్టుపక్కల దానికన్నా ఎత్తైంది లేదు. నేనెందుకు వాళ్ళకు ఉచితంగా ప్రచారం చేయాలి?

శనివారం వెళ్దామనుకున్నాం. మా ఆయనకు ఆ రోజు ఆఫీసులో సర్వర్ల పని పడింది, కాబట్టి నేనొక్కదాన్నే మధ్యాహ్నం భోజనం చేసి మారతహళ్ళిలో బస్సెక్కాను. ఎర్ర వోల్వో బస్సు సుఖంగానే ఉంటుంది కానీ దారిలో ఉన్న విమానాశ్రయం దాటేసరికి ప్రాణం విసిగిపోతుంది. దోమలూరు దాకా ట్రాఫిక్ నత్తనడకే. శనివారం కదా ఖాళీగా ఉంటుందనుకుని బయల్దేరేవాళ్ళు నా మాట విని గంటన్నర చేతిలో పెట్టుకోండి. కార్పొరేషన్ సర్కిల్లో దిగి ఆటోలో బళేపేట చేరాను. ఆ సందుల్లోకి ఆటో రాదు. తాళ్ళు, తాళాలు, చీరల మూటలు, తోపుడుబండ్ల మధ్యనుంచి నడిచి అంగడికి వెళ్ళేసరికి మామయ్య అప్పటికే తయారై గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ పెట్టిన తెల్ల చొక్కా, జరీ అంచు పంచె, భుజం మీద ఉత్తరీయం, డాక్టరిచ్చిన నల్ల కళ్ళద్దాలు. ఆ పంచె మా పెళ్ళిలో పెట్టింది. చాలా ముఖ్యమైన సందర్భాలకే తీస్తారు.

"సినిమా హీరోలా ఉన్నారు మామయ్యా" అన్నాను.

"ఊరిని చూసేదానికి పోతాండాము గదా. ఊరు మనల్ని కూడా చూస్తుంది" అని నవ్వారు.

పక్క సందులో ఆయన ఎప్పుడూ వెళ్ళే చిన్న హోటల్లో ఖారాబాత్ తిని, ఒక కాఫీని బై-టూ చేయించుకుని, ఆటో కోసం రోడ్డు మీదికొచ్చాం. మొదటి రెండు ఆటోలు ఆగనే లేదు. మూడో అతను ఎం.జి. రోడ్డనగానే మీటరు మీద సగం ఎక్కువ అడిగాడు. మామయ్య కన్నడంలో, "ఏనప్పా, పగలే దోపిడీనా?" అని గదిమితే అతను నవ్వి మీటరు వేశాడు. దార్లో ఎక్కడికి వెళ్తున్నామో కనుక్కుని, "అక్కడ లోపల బలే షోకు యజమాన్రే, మాలాంటోళ్ళం గేటు దాకానే" అన్నాడు. తన ఖాకీ చొక్కా గురించి అంటున్నాడనుకున్నాను.

కింద కౌంటర్లో ఏ ఇబ్బందీ లేదు. మనిషికి నూట యాభై, శని ఆదివారాల్లో రెండొందలు. టికెట్టిచ్చిన అమ్మాయి మామయ్యను ఎదురుగా చూసింది, నవ్వింది, "ఎంజాయ్ ది వ్యూ సర్" అంది. సెక్యూరిటీ అతను సంచీ తడిమి పంపాడు. లిఫ్టులో చెవులు మూసుకుపోయినట్టయితే మామయ్య చిన్నపిల్లాడిలా నోరు తెరిచి మూసి సర్దుకున్నారు. తలుపు తెరుచుకుంది. ఎదురుగా అద్దాల తలుపు, దాని వెనక ఆకాశం. మామయ్య అటు రెండడుగులు వేశారో లేదో, సూటు వేసుకున్న ఒక యువకుడు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. కోటు మీద మేనేజర్ అన్న బిళ్ళ ఉంది.

"సారీ సర్, డ్రెస్ కోడ్" అన్నాడు ఇంగ్లీషులో. మామయ్యకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. నా జీన్స్ వైపు చూసుకున్నాను. "మీకు కాదు మేడమ్, ఆయనకు. పంచె, లుంగీ, చెప్పులు... లోపల అనుమతి లేదు."

"పంచెకూ లుంగీకీ తేడా తెలుసా మీకు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కింద టికెట్టిచ్చేటప్పుడు ఆ అమ్మాయి చెప్పలేదేమని అడిగితే టికెట్టు వెనక్కి తిప్పి చూపించాడు. చీమ తలంత అక్షరాలతో 'స్మార్ట్ క్యాజువల్స్' అని ఉంది. అయితే డబ్బు వెనక్కిచ్చేయమన్నాను. ఒకసారి కొన్న టికెట్టుకు డబ్బు వెనక్కివ్వరట. మా వెనక లిఫ్టులోంచి దిగిన కుర్రాళ్ళు మోకాళ్ళ పైదాకా నిక్కర్లు వేసుకుని, రబ్బరు చెప్పుల్లాంటివి టపటపలాడించుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. వాటి పేరు ఫ్లోటర్లు కాబట్టి అవి చెప్పులు కావు కాబోలు. వాళ్ళనెందుకు ఆపలేదని అడిగితే, "అది క్యాజువల్ మేడమ్" అన్నాడు.

కోపంలో నాకు ఇంగ్లీషు పోయి మా ఒంగోలు తెలుగు బయటికొచ్చింది. "పెద్దాయన మొహం చూసైనా సిగ్గుండొద్దూ!" అన్నాను. అతని మొహంలో ఏదో కదిలింది. గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు. "మేడమ్, నేనూ తెలుగువాణ్ణేనండీ. మా తాత కూడా పంచే కడతాడు. రూలండీ, నా చేతుల్లో లేదు."

"అయితే మీ తాతగారొచ్చినా ఇలాగే ఆపేస్తారా?"

"మా తాత ఇలాంటి చోటికి రాడండీ" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను కుడుతూనే ఉంది.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. అతను కౌంటర్ కింది నుంచి ఒక నల్ల ట్రాక్ ప్యాంటు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది వేసుకుంటే చెప్పులున్నా ప్రాబ్లం లేదండీ. వెళ్ళేటప్పుడు ఇచ్చేయొచ్చు." వంగి చూశాను. కింద అలాంటివి ఒక దొంతర ఉన్నాయి, చిన్న సైజు, పెద్ద సైజు అన్నీ. అంటే పొరపాటున ఇవాళ మాకొక్కరికే జరిగింది కాదిది. రోజూ ఎవరో ఒకరు ఇక్కడ ఆగుతున్నారు. వాళ్ళను ఆపడానికి ముందుగానే బట్టలు కొని, సైజుల వారీగా సర్ది పెట్టుకున్నారు. తప్పని తెలియక చేసేవాడికి నచ్చజెప్పొచ్చు. ఏర్పాట్లు చేసుకుని చేసేవాడికి ఏం చెప్తాం?

"పదండి మామయ్యా, మనకేం అక్కర్లేదు. వెళ్ళిపోదాం" అన్నాను.

మామయ్య కదల్లేదు. ఆ ప్యాంటు వైపు చూశారు, అద్దాల తలుపు వైపు చూశారు. "ఇట్లివ్వప్పా" అని చెయ్యి చాచారు. నేను ఒప్పుకోలేదు. చెయ్యి పట్టుకుని లాగాను కూడా. "అమ్మణ్ణీ, నేను వీడి దగ్గర మర్యాద అడిగేదానికి రాలేదు. ఊరు చూసేదానికి వస్తి" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మేనేజర్ మీద కన్నా మామయ్య మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకు తలొంచాలి? ఆయన బాత్రూములోకి వెళ్ళి బయటికొచ్చారు. పైన ఇస్త్రీ చొక్కా, ఉత్తరీయం, కింద పొడవెక్కువై చీలమండల దగ్గర మడిచిన నల్ల ట్రాక్ ప్యాంటు. పంచె మడతపెట్టి సంచీలో పెట్టుకున్నారు. ఇందాకటి నిక్కర్ల కుర్రాళ్ళలో ఒకడు చూసి పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. మామయ్య అది గమనించారు. కొత్త కళ్ళు కదా, అన్నీ కనిపిస్తాయి.

డెక్ బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. సాయంత్రం ఎండ మెత్తబడింది, గాలి చెవుల్లో హోరుమంటోంది. నడుము ఎత్తున అద్దాల గోడ, దాని ముందు నాణెం వేస్తే పనిచేసే దుర్భిణులు. తూర్పున అలసూరు చెరువు వెండి పళ్ళెంలా ఉంది. దాని పైనుంచి విమానం ఒకటి వంగి విమానాశ్రయం వైపు దిగిపోయింది. వాయవ్య మూల కబ్బన్ పార్కు పచ్చదనం, ఆ పచ్చదనంలోంచి లేచిన విధాన సౌధ గుమ్మటం. మామయ్య కాసేపు ఒంటి మీదున్నదాన్ని మర్చిపోయారు. "చూడు, ఆ పచ్చకూ ఈ పచ్చకూ ఎంత తేడా ఉండాదో! దాన్ని మేము చిలకపచ్చంటాము, ఇది పాచిరంగు" అని వేలు పెట్టి చూపిస్తూ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు నడిచారు. నాక్కూడా కోపం కొంచెం దిగింది. వచ్చినందుకు సార్థకమైందిలే అనుకున్నాను.

పడమటి వైపుకు వెళ్ళేసరికి తాడు అడ్డం వచ్చింది. ఎర్ర మఖమలు తాడు, ఇత్తడి గుంజలు. ఆవల గొడుగుల కింద సోఫాలు. అటు వైపంతా కేఫ్‌కు ఇచ్చేశారు. మామయ్య తాడు దగ్గర ఆగి అక్కడున్న వెయిటర్‌ను అడిగారు. "ఆ పక్కే గదప్పా పేట ఉండేది?"

"అవును సర్. కానీ ఇది కేఫ్ గెస్టులకు మాత్రమే. టేబుల్ తీసుకుంటే రావచ్చు. ఇప్పుడు టేబుళ్ళన్నీ బుక్ అయిపోయాయి" అన్నాడతను కన్నడంలో. మర్యాదగానే చెప్పాడు.

అంటే రెండొందలు పెట్టి ఎక్కినవాడికి మూడు దిక్కులే. నాలుగో దిక్కు సోఫాలో కూర్చున్నవాడిది. ఆ నాలుగో దిక్కులోనే మార్కెట్టు, చిక్కపేట, బళేపేట, ఆయన పుట్టిన వీధి, పెరిగిన వీధి. నేను మళ్ళీ మేనేజర్ కోసం వెతకబోయాను. మామయ్య నా చెయ్యి పట్టుకుని ఆపారు. "నువ్వు ఉండు స్వల్ప" అన్నారు. పక్కనే వరసగా పెట్టిన పూలకుండీల చాటుకు వెళ్ళి సంచీలోంచి పంచె తీశారు. ట్రాక్ ప్యాంటు పైనుంచే పంచె చుట్టి, కుచ్చిళ్ళు పోసి, గోచీ పెట్టకుండా అడ్డకట్టు కట్టారు. లోపలి ప్యాంటు మెల్లగా కిందికి జారింది. నదీస్నానం చేసి ఒడ్డున బట్టలు మార్చుకునే పెద్దలను చూసినవాళ్ళకు ఆ నేర్పు తెలుస్తుంది. ఎక్కడా వీసమంత మర్యాద తప్పలేదు. ప్యాంటు చక్కగా నాలుగు మడతలు పెట్టి, తిరిగొచ్చి, నోరు తెరుచుకుని చూస్తున్న ఆ వెయిటర్ చేతిలోని ఖాళీ ట్రేలో పెట్టారు. ఆ తర్వాత తాడు ఎత్తి, కింది నుంచి వంగి, అవతలికి వెళ్ళిపోయారు.

నేనూ ఆయన వెనకే దూరాను. సోఫాల్లో సగం మంది తలలు తిప్పి చూస్తున్నారు. మేనేజర్ ఒక సెక్యూరిటీ అతనితో దాదాపు పరుగున వచ్చాడు. "సర్, పంచెతో పైకి రాకూడదని చెప్పాను కదండీ!"

"పైకి ప్యాంటుతోనే వస్తి గదప్పా" అన్నారు మామయ్య, అద్దం మీదినుంచి కళ్ళు తిప్పకుండానే. "దిగేదానికి కూడా రూలు ఉండాదా? దించల్లంటే దించు. స్వల్ప చూసుకుని నేనే దిగుతా."

పక్క టేబుల్లో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు మామయ్యను చూసి కాదు. సెక్యూరిటీ అతను ముందుకు రావాలా వద్దా అన్నట్టు మేనేజర్ మొహం చూశాడు. అప్పుడు మూల సోఫాలో కూతురు, అల్లుడితో కూర్చున్న ఒక పెద్దావిడ, నూలు చీర, తలలో మల్లెపూలు, లేచి నిలబడింది. "బన్ని యజమాన్రే, ఇల్లి కూత్కొళ్ళి" అని తన పక్క కుర్చీ లాగింది. ఇలా వచ్చి కూర్చోండి అని పిలుస్తోంది. మేనేజర్ ఆవిడకు కూడా రూలు చెప్పబోయాడు. ఆవిడ వినలేదు. "ఇవరు నమ్మ గెస్టు, ఈయన మా గెస్టు. గెస్టులకు మాత్రమే అన్నారుగా, సరిపోయింది. ఆయనకు ఒక కాఫీ తీసుకురండి" అంది. అల్లుడు కూడా లేచి మామయ్యకు చోటిచ్చాడు. మేనేజర్ సెక్యూరిటీ అతన్ని తీసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

మామయ్య కూర్చోలేదు. కాఫీ కప్పు చేత్తో పట్టుకుని అద్దం దగ్గరే నిలబడ్డారు. నేను పక్కన నిలబడి, ఆయన ఇల్లు చూపిస్తారు, అంగడి చూపిస్తారు అని ఎదురుచూశాను. కింద నీళ్ళ ట్యాంకులు, రేకుల షెడ్లు, మొబైల్ టవర్లు, ఆరేసిన బట్టలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టున్న మిద్దెలు. వీధనేది ఎక్కడా కనబడలేదు. మామయ్య వేలితో మార్కెట్టు పట్టుకున్నారు, అక్కడినుంచి లెక్కేసుకుంటూ ఉత్తరానికి జరిపారు, తప్పారు, మళ్ళీ మొదలుపెట్టారు. మూడు సార్లు అలా చేసి నవ్వేశారు. "యాడుందో ఆ రంగనాథస్వామికే తెలియల్ల" అన్నారు. ఆ పెద్దావిడ తనది చామరాజపేటని చెప్పి, తన ఇల్లూ దొరకలేదంది. ఇద్దరూ కలిసి కాసేపు వెతికారు. పొద్దు వాలి మిద్దెల మీద రాగి రంగు పరుచుకుంది. ఆ రంగుకు ఒక పేరుందని, నలభై ఏళ్ళ కింద ఫిరోజాబాద్ నుంచి వచ్చే గాజుల్లో ఉండేదని, ఇప్పుడెవరూ చేయడం లేదని మామయ్య ఆవిడకు చెప్పారు.

కిందికి దిగేటప్పుడు లిఫ్టు దగ్గర మేనేజర్ ఎదురయ్యాడు. నా వైపు చూడకుండా, "సారీ పెద్దాయనా" అన్నాడు తెలుగులో.

మామయ్య ఆగారు. ఆయన గొంతు పెరగడం ఆ రోజంతటిలో అప్పుడే విన్నాను. "నాకెందుకప్పా సారీ? ఆ అడుగున పెట్టినావే ప్యాంట్లు, అవి తీసి పారెయ్యి. నాకు నువ్వు సారీ చెప్పి, రేపు ఇంకొకడికి ప్యాంటిస్తావు. అది సారీ కాదు."

"నా చేతుల్లో లేదండీ" అన్నాడు మళ్ళీ.

లిఫ్టు తలుపు మూసుకుంది. బయటికొచ్చాక మామయ్య నల్ల కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు, గాలికి నీళ్ళొచ్చాయన్నారు. ఆటోలో, "ఊరు శానా బాగుండాది అమ్మణ్ణీ. ఊర్లో ఉండేటోళ్ళను ఊరు చూడనియ్యరంట, అదే బేజారు" అన్నారు. నేను ఇంటికొచ్చి ఆ సంస్థకు ఈమెయిలు రాశాను. వారం తర్వాత జవాబొచ్చింది. అసౌకర్యానికి చింతిస్తున్నారట, అతిథులందరికీ మంచి వాతావరణం కల్పించడమే వాళ్ళ ధ్యేయమట, డ్రెస్ కోడ్ అందుకేనట. పంచె కట్టుకున్న మనిషి అక్కడ నిలబడితే వాతావరణం పాడవుతుందని ఇంత మర్యాదగా రాయొచ్చని నాకు అంతవరకూ తెలియదు.

ఆ రూలు పెట్టినవాణ్ణి నేను చూడలేదు. ఆ మేనేజరూ చూసి ఉండడు. ఏదో గదిలో కూర్చుని, ఈ ఊళ్ళో ఎవరు మంచి బట్టలు కట్టుకున్నట్టు లెక్క, ఎవరు కానట్టు లెక్క అని తీర్మానించాడు. దాన్ని అమలు చేయడానికి పంచె కట్టే తాత ఉన్న కుర్రాణ్ణే ఉద్యోగంలో పెట్టాడు. పూర్వం మనవాళ్ళు లోపలికి రాకూడదని క్లబ్బుల ముందు బోర్డులు పెట్టిన దొరలు వెళ్ళిపోయారని పుస్తకాల్లో చదువుకున్నాం. వాళ్ళు పెట్టిన గుమ్మాలు మాత్రం మనం జాగ్రత్తగా కాపాడుకుంటున్నాం, అవసరమైతే కొత్తవి కట్టుకుంటున్నాం. మామయ్య ఆ రోజు గెలిచారని మా ఆయన అంటాడు. నాకలా అనిపించదు. బట్ట కట్టుకున్న మనిషి ఊరు చూడ్డానికి గెలవాల్సిన అవసరమేమిటి?

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. మీతో పంచె కట్టే పెద్దలుంటే టికెట్టు కొనక ముందే కింద కౌంటర్లో గట్టిగా, వెనక వరసలో ఉన్నవాళ్ళకు కూడా వినబడేలా అడగండి. కాదంటే ఆ డబ్బుతో లాల్‌బాగ్ వెళ్ళి సాయంత్రం నాలుగున్నర దాటాక అక్కడి బండ ఎక్కండి. బండ మీది గోపురం పక్కన నిలబడితే నాలుగు దిక్కులూ కనిపిస్తాయి, గాలీ బాగా వస్తుంది. ఏం కట్టుకొచ్చావని అక్కడ ఎవరూ అడగరు.